ఎనిమిది వందల పన్నెండు

గ్రిమ్స్‌బీలో వాన చేపల రేవు మీదుగా వచ్చి
చర్చి వెనక హాలు కిటికీలకి ఉప్పగా అంటుకుంటుంది.
నెలకో శనివారం ఆ హాలు వీళ్ళది.
అద్దె పద్దెనిమిది పౌన్లు, టీ ఖర్చు వేరే.

కార్లైల్ నుంచి రెండు రైళ్ళు మారి ఒకాయన వస్తాడు.
స్వాన్సీ కుర్రాడు గెథిన్ నిఘంటువుని
చంటిపిల్లలా ఎత్తుకొస్తాడు, తన కోటు దానికి కప్పి,
తను తడుస్తూ.
బిస్కెట్ డబ్బాల్లో అక్షరాలు,
అచ్చులది ఒక డబ్బా, హల్లులది ఒకటి.

మన గుణింతంలో అచ్చు హల్లుని కరుచుకునే ఉంటుంది,
గుడో కొమ్మో సుడో ఏదో ఒకటై.
వీళ్ళ అక్షరాలు ఒంటరివి.
పక్కపక్కనే కూర్చుంటాయి, భుజం తగలనివ్వవు,
బస్సులో ఈ ఊరి మనుషుల్లాగే.
ముప్పై సెకన్లలో వాటికి చుట్టరికం కలపాలి.

"హల్లు ఒకటి ఇవ్వండి."
"ఇంకో హల్లు."
"అచ్చు, దయచేసి."
దయచేసి అనడం ఎవరూ మర్చిపోరు,
చిత్తుగా ఓడిపోతున్నప్పుడు కూడా.

ఐవర్ థ్రెల్‌ఫాల్‌ని ఇక్కడ పేరుతో పిలవరు.
"ఎనిమిది వందల పన్నెండూ, చక్కెర ఎన్ని చెంచాలు?" అంటారు.
ఇరవై రెండేళ్ళ కిందట, టీవీలో, ఫైనల్లో, ఆఖరి లెక్క:
వంద, తొమ్మిది, ఎనిమిది, ఏడు, నాలుగు, రెండు.
కావలసింది ఎనిమిది వందల పదమూడు.
వందని ఎనిమిదితో హెచ్చించాడు, గేరు మార్చినంత సులువుగా.
తొమ్మిదికి ఏడు కలిపాడు. నాలుగు తీసేశాడు.
ఒకటి తక్కువ.
ఏడు జోలికి పోకుండా
ఆ నాలుగునే కలిపి ఉంటే సరిపోయేది.
మర్నాడు అతని బస్సెక్కిన ప్రతివాడూ
ఒక పెన్నీ ఎక్కువిచ్చి, ఉంచుకో అన్నాడు.

మ్యూరియల్ స్కెల్టన్ అప్పట్లో చేపల ఫ్యాక్టరీలో తూకం మనిషి.
అతను నోరు తెరిచేలోపే
గ్యాసు బిల్లు కవరు వెనక జవాబు వేసేసింది.
సంతోషం కలగలేదట.
చేతిలో తన పదమూడు, తెర మీద అతని మొహం.
ఉత్తరం రాసింది:
"తొమ్మిదీ నాలుగూ. ఈపాటికి మీకూ తట్టే ఉంటుంది.
రాత్రి నిద్ర పట్టిందా?"
వారానికి జవాబొచ్చింది, టైంటేబుల్ కాగితం వెనక:
"లేదు. మీకు?"

అలా మొదలైంది ఈ గుంపు.
మీ ఇద్దరి మధ్యా ఏమిటని ఎవరైనా అడిగితే
మ్యూరియల్ కళ్ళజోడు తుడుచుకుంటుంది.
"ముప్పై సెకన్లు ఇంకా అవలేదు."

ఇవాళ కొత్తపిల్ల వచ్చింది, టాన్సీ,
పదకొండేళ్ళు, మోకాళ్ళ దాకా బురద.
తొమ్మిది అక్షరాలు పరిచారు.
వంటింటి టైమరు కిరకిరమంది.
ఐవర్ కళ్ళు మూసుకున్నాడు. మ్యూరియల్ పెదాలు కదిపింది.
"ఏడు," అంది పిల్ల.
"నాకూ ఏడే," అంది మ్యూరియల్.
"ఎనిమిది," అన్నాడు ఐవర్, కళ్ళు తెరవకుండానే.

ఆడవాళ్ళిద్దరిదీ ఒకటే మాట: ల్యాప్‌వింగ్.
అంటే తీతువు పిట్ట.
మన వైపు అది కూస్తే తలుపులేసుకుంటాం, ఎవరింటికో కబురని.
ఇక్కడ దున్నిన నేల మీద పల్టీలు కొడుతూ అరిస్తే
చలికాలం పోతోందని కిటికీ తీస్తారు.
పల్టీ ఎలా కొడుతుందో టాన్సీ చేత్తో చూపించబోయి
పాలకూజా ఒలకబోసింది.

ఐవర్ మాట: ఓపల్‌వింగ్.
ఓపల్ రాయిలా రంగులు మారే రెక్క.
"అదొక చిమ్మట," అన్నాడు. "అయి ఉండాలి."
గెథిన్ వేలు తడిచేసుకుని పేజీలు తిప్పాడు,
పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి,
ఇష్టంలేని డాక్టరులా తలూపాడు.
సున్నా.
హాలంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా ఐవర్ నవ్వాడు.

ఎవరో పాలు తుడుస్తున్నారు.
మ్యూరియల్ స్కోరు కాగితం తిరగేసి
ఆ లేని మాటని రాసుకుంది,
అక్షరం అక్షరం పెన్సిల్ మొనతో తాకుతూ లెక్కపెట్టింది.
తన దానికన్నా
ఒకటి ఎక్కువ.

"అచ్చు," అంది, గొంతు సవరించుకుని.
దయచేసి అనడం మర్చిపోయింది.